పాట ఎడమకు ఒరిగింది

చిరంజీవి స్వాతికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మ మోకాలు అలాగే ఉంది. ఫోను చేస్తే ఎత్తవు, "పనిలో ఉన్నాను" అని రెండు ముక్కల మెసేజీ పెడతావు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. దీన్నయితే మధ్యలో కట్ చేయలేవు.

ముఖ్యమైన విషయమేమీ లేదు. నువ్వు పంపిన పాట విన్నాను, దాని గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను. కంప్యూటర్లో వాడే టేపు ప్లగిన్ ఒకటి కొన్నానన్నావే, స్టూడర్ ఏ800 అనే పాత టేపు రికార్డరు తీరుగా పలికేది, దాన్ని ప్రతి ట్రాకు మీదా వేసినట్టున్నావు. అసలు యంత్రం 1978 నాటిది. రెండు అంగుళాల టేపు మీద 24 ట్రాకులు. మా రేడియోలో అన్నీ పావు అంగుళం స్పూళ్లే, అంత పెద్ద యంత్రం మీద నేనెప్పుడూ పని చేయలేదు. అయినా టేపు టేపే. మృదంగం బాగుంది. తొప్పి నాదం, అదే ఎడమ వైపు మంద్రం, నిండుగా వచ్చింది. సెకనుకు 15 అంగుళాల వేగం పెట్టి ఉంటావు, ఆ వేగంలో టేపు మంద్రాన్ని కాస్త ఉబ్బిస్తుంది. వీణకు మాత్రం 30 పెట్టి చూడు. మీటులో పదును పోయింది.

ఇంకొక్క సంగతి. వయొలిన్‌ను ఎడమ పక్కన కూర్చోబెట్టావు, బాగానే ఉంది. కాని పాట మొత్తం ఎడమకే ఒరిగింది. నా చెవులదే లోపమేమోనని హెడ్‌ఫోన్స్ తిరగేసి పెట్టుకుని మళ్లీ విన్నాను. అప్పుడు కుడికి ఒరిగింది. అంటే తేడా పాటలోనే ఉంది. కావాలనే అలా చేశావేమో, నాకు తెలియదు.

శారద పిన్ని ఏదో అంది. ఆవిడ గోరంతను కొండంత చేస్తుందని నీకు తెలుసుగా. గృహప్రవేశంలో నిన్ను చూసిందట. ఎప్పుడూ ఎడమ చెవికి పెట్టుకునే ఫోను కుడి చెవికి మార్చావట, ఎందుకే అని అడిగితే నవ్వేశావట. సరే, అది వదిలెయ్యి.

ప్లగిన్ దగ్గరికి వద్దాం. అందులో హిస్, అంటే టేపు హోరు, వచ్చే మీటను ఆపకుండా వదిలేశావు. ఒక్క ట్రాకుకైతే ఎవరికీ వినిపించదు. రెండింటికి వేస్తే 3 డెసిబెల్స్ పెరుగుతుంది, నాలుగింటికి 6, మొత్తం 24 ట్రాకులకూ వేస్తే దాదాపు 14. పల్లవికి ముందు వచ్చే ఆ ఖాళీలో అదే వినిపిస్తోంది. జర్మనీలో 1940లో వాల్టర్ వెబర్ హై ఫ్రీక్వెన్సీ బయాస్ సంగతి, అంటే చెవికి అందని కంపనాన్ని పాటతో కలిపి టేపు మీద ఎక్కించడం, పట్టుకునేదాకా టేపంటేనే హోరు. ఆయన వదిలించినదాన్ని నువ్వు మళ్లీ తెచ్చిపెట్టుకోవడమెందుకు? హోరు అంటే గుర్తొచ్చింది, రాత్రి గదిలో ఏ చప్పుడూ లేనప్పుడు నీకు చెవిలో కూత లాంటిదేమైనా వినిపిస్తుందా? ఊరికే అడుగుతున్నాను.

మా రోజుల్లో ఒకటి జరిగింది. ఒక పెద్ద విద్వాంసుడి కచేరీ రికార్డు చేసి స్పూలును లైబ్రరీలో పెట్టాం. కొన్నాళ్లకు దాన్ని ప్రసారం చేస్తే ఒక పల్లెటూరి శ్రోత కార్డు రాశాడు. విద్వాంసులవారు ఆలాపన ఎత్తుకునే ముందు వెనకనుంచి ఎవరో సన్నగా అదే అందిస్తున్నారు, అంతటివారికి అందించే మనిషి కావాలా అని. డ్యూటీ రూములో అందరం నవ్వాం. నాకంటే సీనియర్ ఒకాయన మాత్రం నవ్వలేదు. స్పూలు తెప్పించి, కళ్లు మూసుకుని విన్నారు. మళ్లీ వెనక్కి తిప్పించి విన్నారు. తర్వాత హెడ్‌ఫోన్స్ నా నెత్తిన పెట్టారు. నిజమే! చుట్టిన టేపులో ఒక పొర మీది అయస్కాంతం పక్క పొరకు అంటుతుంది. గట్టిగా పడిన ఆలాపన తన ముందు పొర మీద ఛాయ వదిలింది. ఆ ఛాయే అందించేవాడు. అప్పటినుంచి ఆయన అన్ని స్పూళ్లనూ తోక పైకి, అంటే పాట చివర బయటి చుట్టులో ఉండేలా చుట్టించారు. అలా చుడితే గట్టి ఛాయ పాట వెనక పడి అందులోనే కలిసిపోతుంది. ఆ శ్రోతకు కృతజ్ఞత చెబుతూ జవాబు కూడా రాయించారు. అంత యంత్ర సామగ్రి మధ్య కూర్చున్న మాకు వినిపించనిది చిన్న రేడియో ముందు కూర్చున్న మనిషికి వినిపించింది. పొద్దుటినుంచి విని విని మా చెవులు అలసిపోయి ఉన్నాయి మరి. అలసిపోయామని చెవులు మనకు చెప్పవు తల్లీ.

ఆ ఇన్‌పుట్ మీట పెంచినకొద్దీ పాట బాగున్నట్టే ఉంటుంది. అందులో చాలా వరకు టేపు గొప్ప కాదు, శబ్దం పెరిగిందంతే. ఇన్‌పుట్ ఎంత పెంచావో అవుట్‌పుట్ అంత తగ్గించి, ప్లగిన్ ఉన్నప్పుడూ లేనప్పుడూ ఒకే స్థాయిలో పోల్చి చూడు. సగటు మట్టం మైనస్ 18 డెసిబెల్స్ దగ్గర ఉంటే చాలు, మీటరు సూది సున్నా దగ్గర హాయిగా ఆడుతుంది. అలా పోల్చావంటే సగం ట్రాకుల మీదినుంచి నువ్వే తీసేస్తావు.

ఉపన్యాసం వద్దని మీ అమ్మ ముందే హెచ్చరించింది. ఇది ఉపన్యాసం కాదు, లెక్క. అదే 3 డెసిబెల్స్ లెక్క చెవులకూ ఉంది. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలు ఉండవచ్చంటారు. 88 అయితే 4 గంటలు. 91కి రెండు, 94కి ఒకటి. 100కు చేరితే పావుగంటే. ఒక చెవికి సరిగా వినిపించక శబ్దం పెంచామనుకో, బాగున్న రెండో చెవి కూడా ఆ దెబ్బ తింటుంది. ఎవరి విషయమైనా అంతే, నీ గురించే అనడం లేదు.

శనివారం రాత్రి బండికి బయలుదేరి రా. సోమవారం పొద్దున చెవి డాక్టరు దగ్గర ఇద్దరి పేర్లూ రాయించాను. నాకు పరీక్ష చేయించాలని మీ అమ్మ పట్టుబడుతోంది, నాకు తోడెవరూ లేరు. ఎలాగూ వస్తావు కాబట్టి నీదీ చేయిస్తే పోతుంది. పరీక్షకు ముందు చెవులకు విశ్రాంతి కావాలి, రైల్లో పాటలు వద్దు. ఈలోగా ఎడమ చెవి ఒక్కసారిగా మూసుకుపోయినట్టు అనిపిస్తే మాత్రం సోమవారం దాకా ఆగకు. ఆ రోజే అక్కడే చూపించుకో, డబ్బు సంగతి నేను చూసుకుంటాను. వచ్చేటప్పుడు ఖాళీ పచ్చడి సీసాలు తీసుకురా, మీ అమ్మ లెక్క పెట్టుకుని కూర్చుంది.

ఇట్లు,
నాన్న

తా.క. నానమ్మకు పిన్ని చెప్పేసింది. వెల్లుల్లి నూనె కాచి చెవిలో పోసుకోమని ఫోను చేస్తుంది. సరేనను, పోసుకోకు.