ఒరేయ్ బావా, యానాం అంటే మందు బాటిలేనా?

ఒరేయ్ బావా,

యానాం వెళ్లానని స్టేటస్ పెట్టగానే నువ్వు అడిగిన మొట్టమొదటి ప్రశ్న "సరుకు చవగ్గా దొరికిందా?" అని. నిన్నని లాభం లేదులే, మనవాళ్లలో సగం మందికి ఆ ఊరంటే అదే. మిగతా సగం మందికి ఈఫిల్ టవర్ నమూనాలో కట్టిన ఆ వంద మీటర్ల టవరు. రెండూ ఉన్నాయి, కాదనను. కానీ ఆ ఊరు అక్కడ ఎందుకు ఉందో చూడాలంటే టవరెక్కడం కాదు, ఏటిగట్టు మీద నిలబడాలి. ఫోన్లో చెబితే నువ్వు మధ్యలో ఎవరితోనో మాట్లాడతావు, అందుకే రాస్తున్నా, తీరిగ్గా చదువుకో.

ధవళేశ్వరం దాటాక గోదారి పాయ గౌతమి ఇటు వస్తుందా, సరిగ్గా యానాం దగ్గరికొచ్చేసరికి అందులోంచి ఇంకో పాయ చీలి ఉత్తరంగా కోరంగి వైపు వెళ్లిపోతుంది. పెద్దలు ఆత్రేయ అనేది దాన్నే. ఆ చీలిక దగ్గరే ఊరు. 1723లో ఫ్రెంచివాళ్లు వచ్చి గిడ్డంగి పెట్టారు, వ్యాపారం సాగక వదిలేసి పోయారు, మళ్లీ 1731లో వచ్చారు. పక్కనే ఇంజరంలో ఇంగ్లీషువాళ్ల బట్టల వ్యాపారం. అంటే ఆ కాలంలో ఈ చుట్టుపక్కల మన నేతగాళ్లు నేసిన గుడ్డ కోసం రెండు దేశాలవాళ్లు ఇంత దగ్గర దగ్గరగా కొట్లు పెట్టుకుని కూర్చున్నారన్నమాట.

ఆ ఫ్రెంచి గీత వల్ల తమాషాలు కూడా జరిగాయి. 1929లో శారదా చట్టం వచ్చి మన దగ్గర బాల్య వివాహాలు నేరమయ్యాయి కదా, ఆ చట్టం యానాంలో చెల్లదు. దాంతో చుట్టుపక్కల జిల్లాల నుంచి పిల్లల్ని తీసుకొచ్చి ఇక్కడ తాళి కట్టించేసి వెళ్లిపోయేవాళ్లు. కల్యాణపురం అని పేరు కూడా పడింది. వినడానికి సరదాగా ఉంటుంది గానీ, ఆ పెళ్లిపీటల మీద కూర్చున్న ఎనిమిదేళ్ల పిల్లని తలుచుకుంటే సరదా దిగిపోతుంది. 1954 జూన్‌లో ఫ్రెంచి జెండా దిగింది, కాగితాల మీద పూర్తిగా మనదయ్యేసరికి మాత్రం 1962. ఇప్పటికీ చుట్టూ ఆంధ్రా, మధ్యలో ముప్పై చదరపు కిలోమీటర్ల పుదుచ్చేరి. ప్రభుత్వమేమో ఎనిమిది వందల కిలోమీటర్ల అవతల. బళ్ల మీద పీవై నంబర్లు, నోట్లో మాత్రం అచ్చ గోదారి యాస.

సరే, అసలు సంగతికి వస్తా. పేరుకి తీరం ఊరే గానీ యానాంలో సముద్రం కనిపించదు. ఏటి వెంట కిందికి పోవాలి. తెలిసినవాళ్ల ద్వారా ఒక ఫైబర్ బోటు కుదిరింది. పడవాయన ఎక్కమనలేదు, "పోటు రానివ్వండి బాబూ, పాటులో వెళ్తే ఒండ్రులో కూర్చుంటాం" అన్నాడు. మనకి టైమంటే వాచీ, వాళ్లకి పోటూ పాటూ, అంటే సముద్రం నీళ్లు ఎక్కడం, దిగడం. ఒడ్డున కూర్చున్నంతసేపూ ఒకతను మండపీతలు కడుతుంటే చూశా. పీత వీపు మీద కాలి బొటనవేలు ఆనించి, రెండు డెక్కలూ లోపలికి మడిచి, పళ్లతో పట్టుకున్న నైలాను తాడు గిర్రున చుట్టి ముడేసి బుట్టలో పడేస్తున్నాడు. నేను ఒకదాన్ని చూసేలోపు అతనికి మూడు అయిపోతున్నాయి. ఒక వేలి చివర గోరు లేదు. ఎందుకని నేను అడగలేదు, అతను చెప్పలేదు.

కిందికి పోయేకొద్దీ ఏరు వెడల్పయి, గట్లు లేకుండా పోయి, రెండు వైపులా మడ చెట్లే. నీళ్లు తీసిన చోట బురదలోంచి వాటి వేర్లు పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి పొడుచుకొచ్చి ఉంటాయి, ఊపిరి తీసుకునేది వాటితోనే. తిల్ల చెట్టు కొమ్మ మాత్రం విరవొద్దన్నాడు పడవాయన, దాని పాలు కంట్లో పడితే అంతే సంగతులట. బావురు పిల్లిని చూద్దామని నాకు మహా ఆశ. పట్టపగలు అది మనకోసం వచ్చి కూర్చుంటుందా? కొంగలు చూసి సరిపెట్టుకున్నా.

ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర భైరవపాలెం. అవతలి గట్టున బలుసుతిప్ప. 1996 నవంబరు తుఫాను ఈ రెండు పల్లెల్నీ ఎలా కొట్టిందో నీకు గుర్తుండే ఉంటుంది, వేటకెళ్లినవాళ్లు చాలామంది తిరిగి రాలేదు. ఇప్పుడు సెల్‌ఫోన్లు, హెచ్చరికలు, తుఫాను షెల్టర్లు అన్నీ వచ్చాయి. అయినా మడ అడవి దట్టంగా ఉన్నచోట అల జోరు తగ్గుతుందని అక్కడ ఎవర్నడిగినా చెబుతారు, దానికి శాస్త్రవేత్త అక్కర్లేదు. అలాంటి అడవిని రొయ్యల చెరువుల కోసం కొట్టేసిన చోట్లు చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండింది.

వచ్చేటప్పుడు కోరంగి మీదుగా వచ్చా. నువ్వు నమ్మవు, ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు అది. ఇక్కణ్నుంచి ఓడెక్కి రంగూన్ పోయిన మనవాళ్లని బర్మాలో కోరంగీలనే పిలిచేవాళ్లు. ఆస్ట్రేలియా పక్కన కోరల్ సముద్రంలో కోరింగ దీవులున్నాయి తెలుసా, 1845లో అక్కడ మునిగిన ఓడ పేరు మీద! 1789లో ఒక ఉప్పెన, 1839లో ఇంకొకటి ఊరిని ఊడ్చేశాయి, మిగిలిన రేవుని గోదారి ఒండ్రు పూడ్చేసింది. అదే ఒండ్రు సముద్రంలో పేరుకుని హోప్ ఐలాండ్ అయింది, అది అలలకి అడ్డుపడి కాకినాడ రేవుకి కాపలా కాస్తోంది. ఒక రేవుని పూడ్చి, ఇంకో రేవుకి గోడ కట్టింది చూడు ఈ గోదారి! ఇప్పుడు కోరంగికి జనం వచ్చేది మడ అడవిలో వేసిన చెక్కబాట మీద సెల్ఫీలకి. చెక్కబాట బాగానే ఉంది గానీ ఆదివారం మాత్రం వెళ్లకు, పిట్టల అరుపుల కన్నా మన అరుపులే ఎక్కువ.

ఎదుర్లంక వంతెన మీద కూడా కాసేపు ఆగా. వంతెన రాకముందు అటు కోనసీమకి పోవాలంటే పంటు, అదే మనుషుల్నీ బళ్లనీ దాటించే పెద్ద పడవ, అదొక్కటే గతి, అది అవతలి ఒడ్డున ఉంటే పడిగాపులే. ఇప్పుడు రెండు నిమిషాల్లో దాటేస్తున్నారు, ఏటివైపు తల తిప్పి చూసేవాడు లేడు.

పులస తిన్నావా అని అడక్కు, సీజన్ కాదు.

నువ్వు రావాలనుకుంటే పుష్య మాసంలో చొల్లంగి అమావాస్యకి రా. గోదారి ఏడు పాయలు సముద్రంలో కలిసే చోట్ల స్నానాలు చేసే సప్తసాగర యాత్ర మొదలయ్యేది ఆ తీర్థంతోనే, పైగా అప్పటికి ఎండ కూడా ఉండదు. రైల్లో కాకినాడ దాకా వచ్చేయ్, అక్కణ్నుంచి బండి నేను తెస్తా. పడవాయన నంబరు తీసుకున్నా, ఆ రోజు పోటు ఎన్నింటికో కనుక్కుని చెబుతానన్నాడు. నీకు సెలవు దొరుకుతుందో లేదో ముందే తేల్చి చెప్పు, నేనూ ఆఫీసులో లీవు పెట్టాలి.

నీ,
బావ