కనిపించని జబ్బుకీ సెలవు నియమాల్లో చోటివ్వండి

కార్మిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నాకు క్రానిక్ మైలాయిడ్ లుకేమియా ఉంది. 2001లో ఇమాటినిబ్ మాత్ర వచ్చాక ఈ రక్త క్యాన్సర్ చాలామందికి ఏళ్ల తరబడి మందులతో నెట్టుకొచ్చే జబ్బుగా మారింది. సంతోషమే. కానీ జుట్టు రాలలేదు, మంచం పట్టలేదు కాబట్టి ఆఫీసులో నన్ను రోగిగా ఎవరూ లెక్కేయరు.

అసలు బాధ నీరసం. రాత్రంతా నిద్రపోయినా తీరదది. మధ్యాహ్నానికి సత్తువ అయిపోయి, చదివిన లైనే మళ్లీ మళ్లీ చదువుతాను. ఇంటికొచ్చాక వంటో, బట్టలు ఉతకడమో, ఏదో ఒకటే అవుతుంది. ఇప్పుడు వాడే నిలోటినిబ్ క్యాప్సూల్స్ రోజుకు రెండుసార్లు వేసుకోవాలి. ముందు 2 గంటలు, తర్వాత 1 గంట ఏమీ తినకూడదు. మీటింగ్ కాస్త సాగిందంటే భోజనం, మందు రెండూ తలకిందులే. జబ్బు ఎంత అదుపులో ఉందో చెప్పే పీసీఆర్ రక్తపరీక్ష ఫలితం వచ్చేదాకా టెన్షన్ వేరే.

మీ సెలవు నియమాలకు మాత్రం జబ్బంటే ఆపరేషన్, ఆస్పత్రిలో పడక. నాలాంటి రోగులం నెలల తరబడి సెలవు అడగడం లేదు. పరీక్ష రోజున జీతం కోయని సెలవు, బాగోలేని రోజు ఇంటినుంచి పని, మధ్యలో కాసేపు నడుం వాల్చే వీలు కావాలి. డాక్టర్ సర్టిఫికెట్ ఏడాదికోసారి చాలనండి (జబ్బు తగ్గలేదని నెలనెలా రుజువు చేసుకోవడం ఇంకో ఉద్యోగం!). జబ్బు పేరు మేనేజర్‌కి చెప్పి తీరాలన్న షరతూ వద్దు. వీటిని నియమాల్లో రాతపూర్వకంగా చేర్చమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఉద్యోగి