కోనాల దిగుడు అల్కగ, ఎక్కుడే పని

హన్మకొండ

రమేశా,

ఎట్లున్నవ్‌రా? బాపు, అమ్మ అక్కడి చలికి అలవాటయ్యిండ్రా? వాళ్లను హవాయి పెద్ద ద్వీపానికి తీస్కపోతున్న అని రాసినవ్, చదివి సంతోషమయింది. నువ్వు అగ్నిపర్వతం గురించి, బీచుల గురించి అడిగినవ్ గని అవన్ని వీడియోలల్ల మస్తు దొరుకుతయ్. నేను ఆ ద్వీపం పడమటి తీరంల ఉన్న కోనా ఎయిర్‌పోర్టు గురించే రాస్త. పెద్దమనుషులను తీస్కపోయెటోళ్లు ఎక్కువ పరేషాన్ అయ్యేది అక్కడనే. దిగిన రోజు ఏం తెల్వదు, చల్లటి గాలి, ఫోటోలు, అంతా మంచిగనే ఉంటది. తిరిగి ఎక్కే రోజు చుక్కలు కనబడతయ్.

ముందుగాల అది ఎట్లుంటదో విను. గోడలు లేవు, ఏసీ లేదు, ఒక్కటే అంతస్తు. అక్కడి పాతకాలం గుడిసెల తీరు కప్పులు, వాటి నడుమ ఖాళీ జాగ, చెట్లు. చుట్టూ చూస్తె నల్లటి లావా రాయే. 1801ల హువాలలై పర్వతం నుంచి లావా సముద్రం దాక పారి గడ్డకట్టింది, దాని మీదనే రన్‌వే కట్టిండ్రు. ఆ రాయిని సదును చెయ్యనీకె 13 నెలలల్ల 30 లక్షల పౌండ్ల డైనమైటు వాడిండ్రు. మన లెక్కల దాదాపు 1,360 టన్నులు! 1970 జూలై 1న తెరిచిన్నాడు రన్‌వే పొడుగు 6,500 అడుగులు, ఇప్పుడు 11,000. రన్‌వే పెరిగింది, కప్పుల కింది పద్ధతి మాత్రం ఆ కాలందే.

అసలు లొల్లి ఇదే. అప్పట్ల అక్కడ ఎక్కువగ ఇంకో ద్వీపంల ఉన్న హవాయి రాజధాని హొనలులు నుంచి వచ్చిపోయే విమానాలు, ముప్పావు గంట ప్రయాణం. బస్టాండుల లెక్క కొంచెంసేపు నిలబడి ఎక్కిపోయెటోళ్లకు ఆ నీడ సరిపోయింది. ఆ తీరం వానలు తక్కువ పడే దిక్కు, సముద్రం గాలి ఎప్పుడూ తగుల్తది, గోడలు ఎందుకనుకున్నరు. అది తప్పేం గాదు. ఇప్పుడేమో మెయిన్‌లాండుకు, అంటె అసలు అమెరికా గడ్డకు, ఐదు గంటలు దాటి ఎగిరే పెద్ద విమానాలు చాన వరకు సాయంత్రం, రాత్రి వరుసగ లేస్తయ్, పొద్దున చేరాలె గద. ఒక్కో విమానానికి నూట యాభై, రెండు వందల మంది, అందరు ఒక్కటే టైముకు వస్తరు. కుర్చీలు చాలవు, నీడ చాలదు. నన్నడిగితే గోడలు లేకపోవుడు దానికి అందమే, లైన్లు ఎండల నిలబెట్టుడే దాని తప్పు.

ఇగ వీల్‌చెయిర్ సంగతి, ఇది జర పట్టి చదువు. భవనం ఒక్క అంతస్తే గాబట్టి ఎయిరోబ్రిడ్జి లేదు. మన శంషాబాదుల పై అంతస్తు నుంచి సొరంగం లెక్క సీదా విమానంలకు నడుస్తరు గద, అక్కడ అది కుదరదు. గేటు నుంచి కిందనే, ఆకాశం కింద, విమానం దాక నడువాలె. ఆ తర్వాత మెట్లన్న ఉంటయ్, లేకుంటె మలుపులు మలుపులుగ పైకి పోయే ర్యాంపన్న. ర్యాంపు అయితే మోకాళ్ల నొప్పులోళ్లకు కొంత నయం గని పొడుగు ఎక్కువ. బాపు హైదరాబాదుల వీల్‌చెయిర్ తీస్కున్నడు అని అన్నవ్ గద, ఆ టికెట్టుల ఏ కోడ్ పడ్డదో చూడు. డబ్ల్యూసీహెచ్ఆర్ అంటె దూరం నడువలేడు గని మెట్లు ఎక్కగలడు అని అర్థం. డబ్ల్యూసీహెచ్ఎస్ అంటె మెట్లు గూడ ఎక్కలేడు. డబ్ల్యూసీహెచ్‌సీ అంటె సీటు దాక మోసుకపోవాలె. ఎయిరోబ్రిడ్జి ఉన్న చోట మొదటిదానికి, రెండోదానికి పెద్ద ఫరక్ తెల్వదు. కోనాల తెలుస్తది. మొదటి కోడ్ ఉంటె కుర్చీ విమానం కాడికి తెచ్చి ‘ఎక్కండి’ అంటరు. రెండోది ఉంటె ర్యాంపో, లిఫ్టో ముందుగాల తయారు పెడతరు. మోకాళ్లు గట్టిగ లేకపోతె సిగ్గుపడకుంట రెండోదే అడుగు, ప్రయాణానికి కనీసం 48 గంటల ముంగట ఫోన్ చేసి రాపిచ్చు. పోయిన రోజు కౌంటర్ల అడిగితె గూడ ఇస్తరు గని, లైనుల చివరికి పడతవ్.

నడిచెటప్పుడు నేల మీద గీసిన దారి దాటొద్దు, ఫోటోకని పక్కకు జరగొద్దు. పక్క విమానం ఇంజను తిరుగుతుంటె కేకలేస్తరు, ఆ కేకలు సరైనవే. కొన్నిసార్లు ముందు తలుపు, వెనక తలుపు రెండూ తెరుస్తరు. సీటు నంబరు పెద్దదైతె వెనక నుంచి పోతె నడుమ తొక్కులాట ఉండదు. అమ్మకు చీర కొంగు నడుముకు చెక్కుకొమ్మను, ఆ గాలికి ర్యాంపు మీద ఇబ్బంది అయితది.

రెండోది సామాను తనిఖీ. హవాయి నుంచి మెయిన్‌లాండుకు పోయే ప్రతి పెట్టె అమెరికా వ్యవసాయ శాఖ ఎక్స్‌రే దాటాలె. ఇది మామూలు సెక్యూరిటీ కాదు, వేరేది. ద్వీపంల ఉన్న పండు ఈగలు, పురుగులు కాలిఫోర్నియా తోటలకు పోవద్దని. వరుస ఇట్లుంటది: ముందుగాల పెద్ద పెట్టెలు వ్యవసాయ శాఖ యంత్రంల పెట్టాలె, వాళ్లు స్టిక్కర్ అంటిస్తరు. ఆ స్టిక్కర్ లేకపోతె ఎయిర్‌లైన్ కౌంటరోళ్లు పెట్టె తీస్కోరు. కౌంటర్ల అరగంట నిలబడి స్టిక్కర్ కోసం మళ్లా వెనక్కి పోయెటోళ్లు రోజూ ఉంటరు, నువ్వు వాళ్లల్ల ఉండకు. చేతి సంచికి గూడ వ్యవసాయ తనిఖీ ఉంటది, దాని తర్వాత మామూలు సెక్యూరిటీ.

ఏం తీస్కపోవచ్చు అంటె, వేయించిన కాఫీ గింజలు, మకడేమియా గింజలు, వండిన తిండి, మిఠాయిలు ఏమనరు. అనాసపండు, కొబ్బరికాయ పోతయ్. బొప్పాయి మాత్రం శుద్ధి చేసి ముద్ర వేసిన డబ్బాలదే పోతది, రోడ్డు పక్క కొన్నది పోదు. మామిడిపండు, జామపండు, నిమ్మజాతి పండ్లు, పచ్చి కాఫీ కాయలు, మట్టితో ఉన్న మొక్క, ఇవన్ని తీసి పారేస్తరు. ఇంకోటి, అక్కడ ఎవరి పెరట్ల కల్యామాకు చెట్టు కనబడ్డా అమ్మను రెమ్మ తెంపనియ్యకు. నిమ్మజాతి చెట్లను చంపే రోగాన్ని మోసే చిన్న పురుగు కల్యామాకు మీద బతుకుతది, గందుకే అది పక్కా నిషేధం. మామిడికాయ తొక్కు డబ్బా వ్యవసాయ శాఖోళ్లు వదిలినా, చేతి సంచిల ఉంటె సెక్యూరిటీల ఆగుతది, 100 మిల్లీలీటర్లు దాటిన ముద్ద పదార్థం కింద లెక్క. పెద్ద పెట్టెల వెయ్యి. సకినాలకు ఎక్కడా అడ్డం లేదు.

పోయెటప్పుడు గూడ చిన్న పని ఉంటది. హవాయిల దిగే ముంగట మొక్కలు, జంతువుల డిక్లరేషన్ నింపాలె, ఇంటికొకటి చాలు. ఏమన్న పండ్లుంటె రాసెయ్, లేకుంటె విమానంలనే తినెయ్యండి.

ఇగ ఎక్కే రోజు టైము. హోటలోళ్లు పదకొండుకు గది ఖాళీ చెయ్యమంటరు, మీ విమానం రాత్రి తొమ్మిదికో పదికో ఉంటది. నడుమ పది గంటలు ఏం చెయ్యాలె? చాన మంది సీదా ఎయిర్‌పోర్టుకు పోయి కూసుంటరు. అది చెయ్యకు. అంత ముందుగాల సామాను తీస్కోరు, సామాను ఉంటె లోపలికి పోలేవు, బయట నీడ కింద కుర్చీలు కొన్నే. ఎండ మన మే నెల ఎండ ముంగట ఏం లెక్క గాదు, ముప్పై డిగ్రీల అటుఇటే, గని ఉక్క ఎక్కువ. పైసలు పెట్టి హోటల్‌ల సాయంత్రం దాక గది అడుగు, ఇద్దరు పెద్దమనుషులకు ఆ ఖర్చు దండుగ గాదు. లేకపోతె కైలువా ఊరి పక్కన పాత ఎయిర్‌పోర్టు పార్కు ఉంది, కొత్తది తెరిచినంక ఆ పాత రన్‌వేనే బండ్లు పెట్టుకునే జాగ చేసిండ్రు. సముద్రం ఒడ్డు, బాత్‌రూములు, షవర్లు ఉన్నయ్. రన్‌వేను పార్కు చేసిండ్రని బాపుకు చెప్పు, మన మామునూరు యాదికొచ్చి నవ్వుతడు. నిజాం కాలం నాటి మన రన్‌వే మీద 1981 నుంచి ప్రయాణికుల విమానాలు బంద్, వాళ్లు పార్కన్న చేస్కున్నరు.

విమానానికి మూడు గంటల ముంగట కారు అప్పజెప్పు. కార్ల జాగ టెర్మినల్‌ల ఉండదు, షటిల్ బస్సెక్కి రావాలె. గందుకే ముందుగాల బాపును, అమ్మను, సామానును టెర్మినల్ కాడ దింపి, నువ్వొక్కనివే పోయి కారిచ్చి రా. పెట్రోలు దారిల కలోకో అనే చోట కొట్టిచ్చుకో, దాని తర్వాత టెర్మినల్ దాక బంకు చూసుకోవుడు కష్టం.

తిండి దుకాణాలు తక్కువ, రాత్రి విమానాల టైముకు లైను పెద్దగుంటది. పులిహోర కట్టుకపో. ప్లగ్ పాయింట్లు గూడ తక్కువే, పవర్ బ్యాంకు చేతి సంచిల పెట్టు. బాపు ఇన్సులిన్ ఉంటె చల్లగ ఉంచే పౌచుల వెయ్యి, అక్కడ ఏసీ గది దొరకుడు కష్టం. కిలావియా అగ్నిపర్వతం పొగ లేచిన రోజులల్ల గాలి ద్వీపం కింది కొస నుంచి తిరిగి కోనా దిక్కుకు వస్తది. గంధకం పొగ, మంచు లెక్క కనబడతది. గోడలు లేని ఎయిర్‌పోర్టుల తప్పించుకునే చోటు ఉండదు. అమ్మకు ఆయాసం గద, ఇన్‌హేలర్ పెద్ద పెట్టెల వెయ్యకు, మాస్కు గూడ ఉంచు.

రన్‌వే ఒక్కటే. దానికి ఏమన్న అయితే వచ్చే విమానాలను ద్వీపం అవతలి దిక్కున్న హిలోకో, హొనలులుకో మళ్లిస్తరు, పోయేటియి ఆగుతయ్. గందుకని తిరిగొచ్చిన తెల్లారే డ్యూటీకి పోత అని పెట్టుకోకు, ఒక రోజు ఎడం ఉంచు.

ఇంకో మార్గం గూడ ఉంది. అగ్నిపర్వతం పార్కు కోనా నుంచి దాదాపు 95 మైళ్లు, రెండు గంటలు దాటుతది. హిలో నుంచి 30 మైళ్లే. హిలో ఎయిర్‌పోర్టుల ఎయిరోబ్రిడ్జి ఉంది, గట్టి కప్పుంది, వాన ఎక్కువ పడే దిక్కు గద. కోనాల దిగి, చివరి రోజు పార్కు చూస్కొని హిలోల ఎక్కితె పెద్దమనుషులకు తిరుగుడు తగ్గుతది. కాకపోతె అక్కడి నుంచి విమానాలు ఎక్కువ హొనలులుకే, ఒక మార్పు తప్పదు, కారు వేరే చోట అప్పజెప్పినందుకు అదనంగ పైసలు పడతయ్. నేనైతె హిలోనే చూస్త.

ఇంత భయపెట్టినా అని దిగినప్పటి సంతోషం పోగొట్టుకోకుర్రి. తలుపు తెరిచిన వెంటనే గాలి కొడతది, కప్పుల కింద గోరింకలు తిరుగుతయ్. మన దేశం నుంచే 1865ల తీస్కపోయిండ్రు, పంటల పురుగులను తింటయని. ఆ ఎయిర్‌పోర్టుకు పేరు పెట్టింది ఎలిసన్ ఒనిజుకాది, 1986ల చాలెంజర్ అంతరిక్ష నౌక ప్రమాదంల చనిపోయిన వ్యోమగామి. అక్కడికి దగ్గర్ల ఉన్న కాఫీ తోటల ఊళ్లె పుట్టిండు. బాపు సైన్సు సారు గద, ఆయనకు చెప్పు, అడుగుతడు.

టికెట్ల కాపీ వాట్సాప్‌ల పంపు. వీల్‌చెయిర్ కోడ్ ఏది పడ్డదో, పోను రాను రెండు దిక్కులా పడ్డదో లేదో చూసి చెప్త. చాన సార్లు పోయెటప్పటిదానికే పడి, వచ్చెటప్పటిది ఖాళీగ ఉంటది.

బాపుకు, అమ్మకు నమస్తె.

నీ
సదానందం