పింఛను సరే, పలకరింపు మాటేమిటి?

సంపాదకులకు నమస్కారం.

మన సైన్యానికి తొలి భారతీయ సర్వసేనాధిపతి అయిన ఫీల్డ్ మార్షల్ కరియప్ప 1953లో పదవీ విరమణ చేసిన జనవరి 14వ తేదీని మాజీ సైనికుల దినోత్సవంగా జరుపుకుంటూ, పట్టణాల్లో సభలు పెట్టి శాలువాలు కప్పుతున్నారు. ఆ సభల దాకా రాలేని పల్లెటూరి మాజీ సైనికుల గురించి ఈ ఉత్తరం.

తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరంలో తరతరాలుగా ఇంటింటా సైనికులున్నారు గనుక, సర్వీసు ముగించుకుని వచ్చినవారికి సియాచిన్ గురించో శ్రీలంక గురించో చెప్పుకోవడానికి తోటివారు దొరుకుతారు. మా గిద్దలూరు ప్రాంతం నుంచి కూడా సైన్యంలోకి వెళ్లినవారు తక్కువేమీ కాదు కానీ, మారుమూల ఊళ్లలో ఒక్కరో ఇద్దరో మిగిలారు. జెండా పండుగనాడు వారికి బడిలో కుర్చీ వేస్తారు. మిగతా రోజుల్లో ‘మిలిటరీ ఆయన’ గుర్తొచ్చేది, నిజం చెప్పాలంటే, క్యాంటీన్ సీసా కావలసినప్పుడే.

1971 యుద్ధకాలంలో శతఘ్ని దళంలో పనిచేసిన పెద్దాయన ఒకరు మా పక్క వీధిలో ఉన్నారు. ఫిరంగి మోతలకు చెవులు దెబ్బతిన్నాయి. నలుగురిలో కూర్చుంటే మాట వినబడదు, మళ్లీ మళ్లీ అడగడం నామోషీ, అందుకని రచ్చబండ దగ్గరికి రావడమే మానేశారు. వినికిడి యంత్రం కోసం మాజీ సైనికుల వైద్య పథకం (ఈసీహెచ్‌ఎస్) పాలీక్లినిక్‌కు వెళ్దామంటే బస్సు మారాలి, తోడు కావాలి. కొడుకేమో హైదరాబాదులో ఉన్నాడు.

పూర్వం పింఛనుదారు బతికే ఉన్నట్టు ఏటా చూపే లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి బ్యాంకుకు వెళితే, ఆ వరండాలో పాత యూనిట్ వాళ్లు ఎవరో ఒకరు తారసపడేవారు. 2014లో ఆ సర్టిఫికెట్‌ను ఆన్‌లైన్‌లోనే ఇచ్చే జీవన్ ప్రమాణ్ వచ్చింది, 2021లో ఫోనుకు ముఖం చూపిస్తే చాలునన్నారు, పింఛన్లు స్పర్శ్ అనే రక్షణ శాఖ ఆన్‌లైన్ విధానంలోకి మారాయి. సౌకర్యమే, కాదనను. అయితే ఏడాదికి ఒక్కసారైనా కలుసుకునే ఆ సాకు పోయింది. పైగా ఫోను వాడటం రానివారికి పింఛను ఆగిపోతుందేమోనన్న దిగులు పట్టుకుంది.

కనుక జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం వారు నెలకొక రోజు మండల కేంద్రంలో, పాఠశాలలోనో పంచాయతీ భవనంలోనో కూర్చుని ఈ పనులు చూడాలని కోరుతున్నాను. సన్మాన సభ అంటే ముసలివారు రారు. కాగితం పని ఉందంటే తప్పక వస్తారు, వచ్చాక ఎలాగూ కబుర్లలో పడతారు. నలభై నిండకముందే రిటైరై వచ్చిన కుర్రవాళ్లు ఊరూరా ఉన్నారు, నడవలేనివారిని బండి మీద తీసుకురావడం వారికి కష్టం కాదు. భర్త రికార్డులో తమ పేరు ఒక రకంగా, ఆధార్‌లో మరో రకంగా ఉండి కుటుంబ పింఛను కోసం తిరుగుతున్న సైనికుల భార్యలను కూడా తప్పనిసరిగా పిలవాలి. మగవాళ్ల సంఘాల్లో వారికి చోటు దొరకడం లేదు.

కుర్చీలు బడివే సరిపోతాయి, టీ ఖర్చు మేం చూసుకుంటాం. కార్యాలయం నుంచి మాకు కావలసింది పని తెలిసిన ఒక గుమాస్తా, నెల ముందే ప్రకటించిన తేదీ.

— ఒక విశ్రాంత హవల్దారు, గిద్దలూరు