గోదావరి వంతెనకు పగులు లెక్క కట్టించండి: రైల్వే మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రైల్వే మంత్రి గారికి,

నమస్కారం. రాజమండ్రి రోడ్డు కమ్ రైలు వంతెన 1974 నుంచి బళ్లను మోస్తోంది. యాభై ఏళ్లు దాటాయి. పైన రోడ్డు గతుకులు పడితే పేపర్లో ఫొటోలు వస్తాయి, కార్లు ఆపి మరమ్మతు చేస్తారు. కింద పట్టాలను మోసే ఉక్కు దూలాల సంగతి మాత్రం, గోదాట్లో రూపాయి వేసి దణ్ణం పెట్టుకునే మా ప్రయాణికులకు ఎవరూ చెప్పరు. అడిగితే "పక్కనే హేవలాక్ వంతెన 1900 నుంచి 1997 దాకా పనిచెయ్యలేదా" అంటారు. ఇంజనీరింగ్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, ఆ మాట నాకు మింగుడుపడదు.

రైలు వెళ్లిన ప్రతిసారీ ఉక్కు బిగిసి, వదులవుతుంది. అలా ఊగీ ఊగీ, రివెట్టు రంధ్రం అంచునో వెల్డింగ్ కొసనో వెంట్రుకంత పగులు పుట్టి మెల్లగా పాకుతుంది. 1960ల మొదట్లో అమెరికా ఇంజనీరు పాల్ పారిస్ దీనికో సూత్రం చూపించారు. ఉక్కులో పాకుడు వేగం ఒత్తిడి ఊపుకు, అంటే రైలు ఎక్కినప్పటికీ దిగినప్పటికీ ఒత్తిడిలో తేడాకు, దాదాపు ఘనంలో పెరుగుతుంది. ఊపు రెట్టింపైతే ఆయుష్షు ఎనిమిదో వంతుకు పడిపోతుందన్నమాట. మన గూడ్సు వ్యాగన్ల ఇరుసు బరువు 20.3 టన్నుల నుంచి 22.9కి చేరింది. ఒత్తిడీ అదే పాళ్లలో పెరిగిందనుకుంటే పగులు 44 శాతం వేగంగా పాకుతుంది. 25 టన్నులైతే 87 శాతం. హేవలాక్ కాలపు బళ్లతో పోలికేమిటి?

పైగా ట్రస్సు (త్రిభుజాలుగా కూర్చిన ఉక్కు చట్రం) పెద్ద కమ్మీలకు రైలు మొత్తం దాదాపు ఒకే ఊపు. పట్టాల కిందే వాటి వెంట సాగే పొట్టి దూలాలకు, అంటే స్ట్రింగర్లకు, వ్యాగనుకొకటైనా పడుతుంది. 58 వ్యాగన్ల గూడ్సు ఒక్కటి దాటితే ఎన్నో చూసుకోండి. ముందు అలిసేది అవే.

ఏటా తనిఖీ జరుగుతోంది, కాదనను. ఎండలో దూలాల మధ్య దూరి సుత్తితో రివెట్లు తట్టి చూసే సిబ్బంది కష్టం తక్కువేం కాదు. కానీ రంగు కిందా, అతుకు వెనకా దాగిన పగులు కంటికి అందదు. అమెరికాలో ఒహాయో నది మీది సిల్వర్ బ్రిడ్జి 1967 డిసెంబరు 15న కూలి 46 మంది చనిపోయారు. కారణం ఒక కడ్డీ కొసనున్న కంట్లో (పిన్ను దూర్చే రంధ్రంలో) తుప్పూ భారమూ కలిసి పెంచిన పగులు, లోతు సుమారు 2.5 మిల్లీమీటర్లు. జాయింటు విప్పితే తప్ప కనబడని చోటది.

అందుకే తనిఖీ గడువును క్యాలెండరుకు వదిలేయకండి. మీ సాధనాలకు దొరికే అతి చిన్న పగులు ఎన్ని రైళ్లు దాటేసరికి తెగే స్థాయికి పెరుగుతుందో లెక్కగట్టి, ఆలోపు కనీసం రెండు మూడు తనిఖీలు పడేలా చూడండి. ఒకసారి కన్నుగప్పినా ఇంకోసారి దొరకాలి. ఉక్కు నాణ్యతలో తేడాలు, మించి ఎక్కించిన బరువు, తుప్పు, పరీక్షకుడు పొరబడే అవకాశం, అన్నీ కలిపి ఏడాదికి ప్రమాదం ఎంతో సంభావ్యతగా చెప్పించండి. లక్నోలోని రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌ఓలోనూ, చెన్నై స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ పరిశోధన కేంద్రంలోనూ ఈ పని తెలిసినవాళ్లున్నారు. స్ట్రింగర్లకు స్ట్రెయిన్ గేజీలు (ఉక్కు సాగుడు కొలిచే పట్టీలు) అతికించి ఒక నెల కొలిస్తే సగం ఊహలతో పని ఉండదు.

వంతెన ప్రమాదంలో ఉందని నేననడం లేదు. ఉందో లేదో చెప్పే కాగితం మా కంటపడలేదంటున్నాను. లెక్క తేలాక దాన్ని రాజమండ్రి, కొవ్వూరు స్టేషన్లలో తెలుగులో అతికించండి.

ఇట్లు,
రాజమండ్రి నుంచి ఒక విశ్రాంత ఇంజనీరింగ్ అధ్యాపకుడు