మోటన్ బడి నాటకానికి విరాళాల విజ్ఞప్తి

ప్రియమైన సంఘ సభ్యులకు, వర్జీనియాలోని రిచ్మండ్ చుట్టుపక్కల ఉంటున్న తెలుగువారందరికీ ప్రభువు పేరట వందనాలు.

2026 ఏప్రిల్ 25, శనివారం సాయంత్రం మన మందిరం హాల్లో ఒక నాటకం వేస్తున్నాం. మనకంటూ సొంత స్థలం లేని రోజుల్లో, ఆదివారం మధ్యాహ్నాలు తమ మందిరం తాళాలు మన చేతికిచ్చిన నల్లజాతి బాప్టిస్టు సంఘాన్ని పాతవాళ్లెవరూ మర్చిపోలేదు. ఆ సంఘం పిల్లలు పదకొండు మంది, మన పిల్లలు తొమ్మిది మంది కలిసి ఈ నాటకం తయారు చేస్తున్నారు. 1951లో నల్లజాతి పిల్లలు తమ బడి కోసం చేసిన సమ్మె కథ ఇది, జరిగింది ఫార్మ్‌విల్ అనే చిన్న ఊళ్లో. ఇక్కడి నుంచి కారులో గంట పైచిలుకు ప్రయాణం. నాటకానికి డబ్బు కావాలి. ఎంత కావాలో, దేనికి కావాలో కింద వివరంగా రాశాం. ముందు ఆ కథ చెప్పనివ్వండి. ఈ కమిటీలో ఉన్న ఏడుగురిలో నలుగురికి కిందటేడు దాకా అది తెలియదు.

ఫార్మ్‌విల్ ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీలో ఉంది. 1939లో అక్కడ నల్లజాతి పిల్లల కోసం రాబర్ట్ రూసా మోటన్ హైస్కూలు కట్టారు. 180 మందికి సరిపోయే బిల్డింగ్. పన్నెండేళ్లు తిరిగేసరికి పిల్లలు 450 మంది అయ్యారు. కొత్త బడి కట్టమని తల్లిదండ్రులు అడిగితే, కౌంటీవాళ్లు చెక్క చట్రాలకు తారు కాగితం చుట్టి షెడ్లు వేసి ఇచ్చారు. చూసినవాళ్లు వాటిని కోళ్ల గూళ్లు అనుకునేవారట. ఒక్కో షెడ్డులో ఒక ఇనుప పొయ్యి. దాని పక్కన కూర్చున్న పిల్లలకు సెగకు ఒళ్లు మండేది, మూలన కూర్చున్నవాళ్లు కోటు విప్పకుండా పాఠం వినేవారు. వానొస్తే క్లాసులోనే గొడుగులు తెరిచేవారు. జిమ్ లేదు, క్యాంటీన్ లేదు, సైన్స్ ల్యాబ్ లేదు. అదే ఊళ్లో తెల్ల పిల్లల హైస్కూల్లో అన్నీ ఉన్నాయి.

బార్బరా జాన్స్ ఆ బడిలో చదివే 16 ఏళ్ల అమ్మాయి. ఒకరోజు పొద్దున లంచ్ మర్చిపోయి ఇంట్లోకి వెనక్కి వెళ్లింది. బయటికి వచ్చేసరికి స్కూల్ బస్సు వెళ్లిపోయింది. రోడ్డు పక్కన గంటసేపు నిలబడింది. అప్పుడు తెల్ల పిల్లల బస్సు ఆమె ముందు నుంచే పోయింది, సగం ఖాళీగా. మన నాటకం ఇక్కడే మొదలవుతుంది. ఇరవై మంది పిల్లలున్నా ఆ మొదటి రెండు నిమిషాలూ స్టేజీ మీద ఒక్క అమ్మాయే ఉంటుంది. బస్సు చప్పుడు మాత్రం వినిపిస్తుంది.

బడిలో పరిస్థితి బాలేదని బార్బరా తన మ్యూజిక్ టీచర్ ఇనెజ్ డావెన్‌పోర్ట్ దగ్గర బాధపడితే, నువ్వే ఏదైనా చెయ్యరాదా అని ఆ టీచర్ అడిగింది. బార్బరా నిజంగానే చేసింది. నెలల తరబడి, ఇంట్లో కూడా చెప్పకుండా, నమ్మకమైన కొద్దిమంది స్నేహితులను కూడగట్టింది. 1951 ఏప్రిల్ 23న ప్రిన్సిపాల్‌కు ఫోన్ వచ్చింది, బస్ స్టేషన్ దగ్గర మన పిల్లలు ఏదో గొడవలో ఇరుక్కున్నారని. ఆయన అటు పరుగెత్తారు. ఇటు క్లాసులన్నింటికీ ఒక చీటీ వెళ్లింది, అందరూ అసెంబ్లీకి రావాలని. తెర తీసేసరికి ప్రిన్సిపాల్ ఉండాల్సిన చోట బార్బరా నిలబడి ఉంది. టీచర్లను దయచేసి బయటికి వెళ్లమంది. కాలి చెప్పు తీసి బెంచీ మీద కొట్టి, వింటున్న పిల్లలకు తాను అనుకున్నది చెప్పింది. బడి మొత్తం లేచి బయటికి నడిచింది.

రెండు వారాలు సమ్మె నడిచింది. ఊళ్లో ఫస్ట్ బాప్టిస్టు చర్చి పాస్టరు ఎల్. ఫ్రాన్సిస్ గ్రిఫిన్ గారు తన చర్చిలోనే ఆ పిల్లలకూ తల్లిదండ్రులకూ మీటింగులు పెట్టించారు. ఇక్కడ రిచ్మండ్ నుంచి ఆలివర్ హిల్, స్పాట్స్‌వుడ్ రాబిన్సన్ అనే లాయర్లు వెళ్లారు. కొత్త బిల్డింగ్ మాత్రమే కావాలంటే మేం రాము, తెల్ల నల్ల పిల్లలను విడదీసే పద్ధతే పోవాలని అడిగితే కేసు వేస్తామన్నారు. 117 మంది పిల్లల తరఫున కేసు వేశారు. వరసలో మొదటి పేరు తొమ్మిదో తరగతి చదివే డొరతీ డేవిస్‌ది. 1954 మే 17న, బళ్లలో తెల్ల నల్ల పిల్లలను విడదీయడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పిన బ్రౌన్ తీర్పులో కలిసిన ఐదు కేసుల్లో ఇదీ ఒకటి. వాటిలో విద్యార్థులే మొదలుపెట్టింది ఈ ఒక్కటే. ఈలోగా అమ్మాయికి ప్రాణభయం ఉందని ఇంట్లోవాళ్లు బార్బరాను అలబామాలో ఉన్న పెదనాన్న వెర్నన్ జాన్స్ దగ్గరికి పంపేశారు. ఆయనా పాస్టరే. ప్రిన్సిపాల్ ఉద్యోగం పోయింది.

తీర్పుతో కథ అయిపోలేదు. నాటకం రెండో సగం అంతా తర్వాత జరిగిందే. కలిపి చదివించమని కోర్టు గట్టిగా చెప్పేసరికి ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ 1959లో ప్రభుత్వ బళ్లన్నీ మూసేసింది. నెలా రెండు నెలలు కాదు, ఐదేళ్లు. తెల్ల పిల్లలకు ప్రైవేటు అకాడమీ పెట్టుకున్నారు. నల్ల పిల్లలు కొందరు వేరే ఊళ్లలో చుట్టాల ఇళ్లకు వెళ్లారు, కొందరు చర్చి బేస్‌మెంట్లలో అక్షరాలు దిద్దారు, చాలామంది ఏమీ లేకుండా ఉండిపోయారు. 1964లో సుప్రీంకోర్టు మళ్లీ కలగజేసుకున్నాకే బళ్లు తెరుచుకున్నాయి. ఆ కేసు పేరులో ఉన్న ‘గ్రిఫిన్’, సమ్మె పిల్లలకు చర్చిలో మీటింగులు పెట్టించిన పాస్టరు గారి ఇంటిపేరే.

ఆ ఐదేళ్లూ చూసిన పెద్దావిడ ఒకరు మన పొరుగు సంఘంలో ఉన్నారు. మన పిల్లలు ఆమెను అమ్మమ్మా అనే పిలుస్తారు. 1959లో ఆమెకు ఏడేళ్లు. బడి మొదటి రోజు కోసం వాళ్లమ్మ గౌను ఇస్త్రీ చేసి గోడకు తగిలించిందట. నాలుగేళ్ల తర్వాత, ప్రభుత్వ బళ్లు ఇంకా తెరవకముందే పెట్టిన ఉచిత బడికి వెళ్లే అవకాశం వచ్చేసరికి ఆ గౌను ఆమె చెల్లెలికి కూడా పొట్టయిపోయింది. ఆమె అన్న మాత్రం మళ్లీ బడి ముఖం చూడలేదు. పన్నెండేళ్లకు పొగాకు తోటలో పనికి కుదిరి అక్కడే ఉండిపోయాడు.

ఇక మన కమిటీలో జరిగిన చర్చ సంగతి. దాచాల్సిందేమీ లేదు. కందుకూరు వైపు నుంచి వచ్చిన మన సంఘ పెద్ద ఒకరు నిలబడి, మన పిల్లలు మంచి బళ్లలోనే చదువుతున్నారు కదా, పైకప్పు రిపేరు పెండింగులో పెట్టి ఈ ఖర్చు మనకెందుకని అడిగారు. అడగదగ్గ మాటే. ఆయనకు ఇచ్చిన జవాబే మీకూ ఇస్తున్నాం.

మనలో చాలామంది హెన్రైకో కౌంటీలో ఉంటున్నాం. ఇల్లు వెతికేటప్పుడు బెడ్‌రూములు ఎన్ని అనే దానికంటే ముందు స్కూల్ రేటింగ్ చూశాం. ఈ కమిటీలో అందరం అలాగే కొన్నాం. అందులో తప్పేమీ లేదు, పిల్లల కోసం ఎవరైనా అదే చేస్తారు. కానీ ఆ రేటింగులు విడిపోయే గీత ఎక్కడిదో తెలుసుకోవాలి. 1972 జనవరిలో ఫెడరల్ జడ్జి రాబర్ట్ మెర్హిజ్, తెల్ల నల్ల పిల్లలు కలిసి చదివేలా రిచ్మండ్ సిటీ బళ్లను హెన్రైకో, చెస్టర్‌ఫీల్డ్ కౌంటీల బళ్లతో కలిపి నడపమని తీర్పిచ్చారు. జూన్‌లో పై కోర్టు దాన్ని కొట్టేసింది. 1973లో సుప్రీంకోర్టులో చెరో నాలుగు ఓట్లు పడ్డాయి. తొమ్మిదో జడ్జి లూయిస్ పావెల్ ఒకప్పుడు రిచ్మండ్ స్కూల్ బోర్డు చైర్మన్‌గా చేసినవారు కాబట్టి ఆ కేసు నుంచి తప్పుకున్నారు. సమానంగా వస్తే కింది కోర్టు తీర్పే నిలుస్తుంది. అలా సిటీకీ కౌంటీకీ మధ్య గీత ఉండిపోయింది. అదే ఏడాది టెక్సస్ నుంచి వచ్చిన ఇంకో కేసులో, ఇంటి పన్ను ఎక్కువ వచ్చే చోట బడికి ఎక్కువ డబ్బు, తక్కువ వచ్చే చోట తక్కువ అనే పద్ధతి రాజ్యాంగానికి విరుద్ధం కాదని అయిదుగురు జడ్జీలు అన్నారు, నలుగురు కాదన్నారు. మెజారిటీ తీర్పు రాసింది పావెల్ గారే. మనం ఇళ్లు కొన్నది ఆ గీతకు ఇవతల. పొరుగు సంఘం పిల్లల్లో ఎక్కువమంది చదివేది అవతల. రిహార్సల్ బ్రేకులో పిల్లలు తమ స్కూళ్ల గురించి చెప్పుకుంటుంటే మన అమ్మాయి ఒకతి, మీకు ఏపీ ఫిజిక్స్ (హైస్కూల్లోనే చెప్పే కాలేజీ స్థాయి ఫిజిక్స్) ఎవరు చెప్తారని అడిగింది. మా స్కూల్లో ఆ క్లాసే లేదని అవతలి అబ్బాయి అన్నాడు. మా పాప కారులో ఇంటికి వచ్చేదాకా మాట్లాడలేదని వాళ్ల నాన్న చెప్పారు.

ఇంకో మాట. మన సంఘంలో సగం కుటుంబాల మూలాలు ఒంగోలు, నెల్లూరు ప్రాంతాల్లో ఉన్నాయి. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న సంగతి మన ఇళ్లల్లో తాతలు చెప్పగా విన్నదే. అంతకు ముందు ఒంగోల్లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బడిలోకి మాదిగపల్లె పిల్లలను రానిస్తే, పై కులాలవాళ్లు తమ పిల్లలను మాన్పించేశారు. పక్కన కూర్చోవడం కంటే చదువు మానడమే నయమనుకున్నారు. ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ చేసింది దానికి ఎంత దూరం? ఆ పల్లె పిల్లల మనవలమే మనం ఈ దేశానికి డాక్టర్లుగా, నర్సులుగా, ఇంజనీర్లుగా వచ్చాం. రావడానికి దారి తెరిచింది 1965 ఇమిగ్రేషన్ చట్టం. పౌరహక్కుల ఉద్యమం పుణ్యాన ఈ దేశం మనసు మారకపోతే ఆ చట్టమూ వచ్చేది కాదు.

ఈ మాటలన్నీ విని మన పెద్దాయన ఆ రోజు ఏమీ అనలేదు. తర్వాతి శనివారం రిహార్సల్‌కు వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నారు. ఆ పూట అన్న పొగాకు పనిలో చేరే సీను చేస్తున్నారు. ఆ వేషం వేస్తున్నది మన కుర్రాడే. ఆకులు చేత్తో ఎలా పట్టుకోవాలో వాడికి తెలియక తడబడుతుంటే అమ్మమ్మ లేచి, మూడు నాలుగు ఆకులు కాడల దగ్గర జత చేసి దారంతో కర్రకు చుట్టి చూపించారు. పెద్దాయన నెమ్మదిగా స్టేజీ దగ్గరికి నడిచి వెళ్లారు. కందుకూరు పక్క పొలాల్లో పండేది కూడా వర్జీనియా పొగాకే. చిన్నప్పుడు సెలవుల్లో పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర ఆకు కట్టిన మనిషి ఆయన. కర్రకు రెండో చివర పట్టుకుని, ఆమె ఒక జత కడితే ఆయన ఒక జత కట్టుకుంటూ వచ్చారు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి అంతంత మాత్రమే. కర్ర నిండేదాకా ఎవరూ డైలాగు అందుకోలేదు. మర్నాడు ఆరాధన అయ్యాక ఆయన ఆఫీసు గదికి వచ్చి 500 డాలర్ల చెక్కు ఇచ్చి వెళ్లారు.

ఖర్చుల వివరం ఇది. మొత్తం 18,500 డాలర్లు. లైట్లు, సౌండ్ అద్దె 4,200. సెట్టుకు చెక్క, తారు కాగితం, బెంచీలు, 1951 నాటి బట్టలకు కలిపి 3,600. సిటీ స్కూల్లో డ్రామా టీచరుగా రిటైరై మన పిల్లలకు నేర్పుతున్న డైరెక్టరుగారికి 3,500. అడగడానికే ఆయన మొహమాటపడ్డారు, ఇవ్వాల్సిన బాధ్యత మనది. ఇన్సూరెన్స్ 1,500, రిహార్సల్ రోజుల్లో పిల్లల భోజనాలకు 1,500. మన అమ్మలూ నాన్నలూ కథ అందుకోవాలని డైలాగులు తెలుగులో పక్క స్క్రీన్ మీద వేయడానికి 1,300. తెలుగులోకి మార్చే పని స్త్రీల సమాజం ఉచితంగా చేస్తోంది.

మిగిలిన 2,900 బస్సులకు. అన్నిటికంటే ముఖ్యమైన ఖర్చు ఇదేనని కమిటీ అభిప్రాయం. ఏప్రిల్ 24, శుక్రవారం పొద్దున సిటీ స్కూళ్ల పిల్లల కోసం విడిగా ఒక ఆట వేస్తున్నాం. సుమారు 300 మందిని తీసుకొచ్చి, చూపించి, భోజనం పెట్టి పంపాలి. సగం ఖాళీ బస్సు పోతుంటే చూస్తూ నిలబడిన అమ్మాయి కథను, బస్సు లేక ఆ పిల్లలు చూడలేకపోవడం మాకు మనసొప్పడం లేదు. మిగతా ఏది తగ్గించినా ఇది తగ్గించం.

ఇప్పటిదాకా రెండు సంఘాల నుంచి 6,850 డాలర్లు వచ్చాయి. ఇంకా 11,650 కావాలి. పైకప్పు ఫండులోంచి ఒక్క డాలరు కూడా తీయడం లేదు. మీ దశమభాగం ఎప్పటిలాగే వేరుగా ఇవ్వండి, ఇది దానికి పైన ఇచ్చే కానుక. చెక్కు రాస్తే మెమోలో ‘నాటకం’ అని రాయండి. జెల్ (Zelle, బ్యాంకు నుంచి నేరుగా డబ్బు పంపే పద్ధతి) ద్వారా పంపితే నోట్‌లో అదే మాట పెట్టండి. నగదు ఇచ్చేవారు కవరు మీద పేరు రాసి ట్రెజరర్ చేతికే ఇవ్వండి. పన్ను మినహాయింపు రసీదు అందరికీ ఇస్తాం. మీరిచ్చినంతే కంపెనీ కూడా ఇచ్చే మ్యాచింగ్ మీ కంపెనీలో ఉంటే ఫారం నింపడానికి యూత్ లీడర్లు ఆరాధన తర్వాత లాప్‌టాప్‌తో కూర్చుంటారు. పది నిమిషాల పని, మీ వంద రెండొందలవుతుంది. పది డాలర్లు ఇచ్చినా చిన్నది అనుకోకండి, పది డాలర్లకు ఒక విద్యార్థి బస్సెక్కి వస్తాడు. గుడికి వెళ్లే తెలుగు మిత్రులు, మసీదుకు వెళ్లేవారు, ఎక్కడికీ వెళ్లనివారు కూడా రావాలని, ఇవ్వగలిగితే ఇవ్వాలని కోరుతున్నాం. బళ్ల సంగతి అందరిదీ. మార్చి 15 లోపు అందితే బస్సులు, లైట్లు ఖాయం చేసుకోగలం.

డబ్బు కాకుండా ఇంకో అవసరం ఉంది. పాతకాలపు ఇనుప పొయ్యి, కట్టెలతో కాల్చేది, ఇప్పటికీ దొరకలేదు. మీ పక్కింటివాళ్ల గ్యారేజీలోనో, ఎవరి పొలంలోనో పడి ఉందేమో అడిగి చూడండి. తుప్పు పట్టినా పరవాలేదు, పిల్లలే రుద్ది రంగేస్తారు. తెచ్చుకోవడానికి పికప్ ట్రక్కు ఉన్నవాళ్లు ఒకరు కావాలి.

మీ ప్రార్థనల్లో పిల్లలను జ్ఞాపకం చేసుకోండి.

ప్రభువు సేవలో,
సంఘ కమిటీ, యూత్ విభాగం