ఎంపీ గారి సమాచార పత్రం: సభ్యులకు మనవి

గ్రూప్ సభ్యులందరికీ నమస్కారం. ఇక్కడ కెనడాలో మన నియోజకవర్గ ఎంపీ గారు ఇంటింటికీ పంపిన సమాచార పత్రం ఈపాటికి మీకూ అంది ఉంటుంది. దయచేసి దాన్ని పిజ్జా ప్రకటనలతో కలిపి పారేయకండి.

అందులో మనకు అన్నిటికన్నా అక్కరకొచ్చేది కెనడా దంత సంరక్షణ పథకం. కుటుంబ నికర ఆదాయం ఏడాదికి 90,000 డాలర్లలోపు ఉండి, పన్ను రిటర్ను దాఖలు చేసి, ఉద్యోగం ద్వారా గానీ మరోవిధంగా గానీ దంత బీమా పొందే వీలు లేనివారు, 2025 నుంచి ఏ వయసు వారైనా దరఖాస్తు చేసుకోవచ్చు. ఉద్యోగంలో ఇచ్చే బీమాను మనంతట మనమే వద్దనుకున్నా అర్హత ఉండదన్న సంగతి చాలామందికి తెలియదు. మా అమ్మగారు ఖర్చుకు జంకి, కదిలే పన్నుతో రెండేళ్లపాటు ఒక పక్కనే నమిలి తిన్నారు, మాతో ఒక్క మాటా అనలేదు. మీ ఇంట్లోని పెద్దలను మీరే అడగండి.

2025 జూలై 1 నుంచి ఆదాయపు పన్ను కనిష్ఠ రేటు 15 నుంచి 14 శాతానికి తగ్గిన విషయమూ అందులో ఉంది.

మరొక మాట. పార్లమెంటుకు పంపే ఎలక్ట్రానిక్ పిటిషన్‌పై పౌరసత్వం లేకపోయినా కెనడా నివాసులు సంతకం చేయవచ్చు. 500 సంతకాలు చేరి, ఎంపీ దాన్ని సభలో సమర్పిస్తే, ప్రభుత్వం 45 రోజుల్లో జవాబివ్వాలి. ఒట్టావాలోని ఎంపీ కార్యాలయానికి రాసే ఉత్తరానికి స్టాంపు కూడా అక్కర్లేదు. ఓటు లేదని వెనకాడకుండా మీ ఇబ్బందులను రాసి పంపండి.